తెల్ల రక్తకణాలు: రకాలు, విధులు, ఉత్తరాంధ్ర బోదకాలు నేపథ్యం

తెల్ల రక్తకణాలు రక్తంలోనూ శోషరసంలోనూ తిరుగుతూ, అవసరమైనప్పుడు రక్తనాళాల గోడలు దాటి కణజాలాల్లోకి వెళ్లి, సూక్ష్మజీవుల నుంచీ పరాన్నజీవుల నుంచీ చెడిపోయిన సొంత కణాల నుంచీ శరీరాన్ని కాపాడే కణాలు. వీటికి కేంద్రకం ఉంటుంది, హీమోగ్లోబిన్ ఉండదు. గొట్టంలో పోసిన రక్తాన్ని యంత్రంలో వేగంగా తిప్పితే పైన పసుపుపచ్చని ప్లాస్మా, అడుగున ఎర్రకణాల ముద్ద, ఆ రెంటి నడుమ పలుచని తెల్లటి పొర ఏర్పడతాయి. తెల్లకణాలు ప్లేట్‌లెట్లతో కలిసి ఆ పొరలో ఉంటాయి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఒక మైక్రోలీటరు రక్తానికి 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలుంటాయి. అంతే రక్తంలో ఎర్రకణాలు 40 నుంచి 50 లక్షల వరకు ఉంటాయి. పసిపిల్లల్లోనూ గర్భిణుల్లోనూ తెల్లకణాలు సహజంగానే కొంత ఎక్కువ. రక్తపరీక్షలో తేలే ఈ సంఖ్య శరీరంలోని మొత్తం తెల్లకణాల్లో చిన్న భాగం మాత్రమే. లింఫోసైట్లలో అత్యధికం శోషరస గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల గోడల్లో ఉంటాయి. న్యూట్రోఫిళ్లలో పెద్ద భాగం ఎముక మూలుగలో నిల్వ ఉంటుంది.

చరిత్ర

రక్తంలో రంగులేని కణాలున్నాయని 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హ్యూసన్ వర్ణించాడు. 1843లో ఫ్రాన్స్‌లో గాబ్రియెల్ ఆంద్రాల్, ఇంగ్లండ్‌లో విలియం అడిసన్ ఎవరికి వారుగా జబ్బుకూ ఈ కణాలకూ సంబంధాన్ని గమనించారు. 1845లో రుడాల్ఫ్ విర్కో, జాన్ హ్యూస్ బెన్నెట్ తెల్లకణాలు విపరీతంగా పెరిగి చనిపోయిన రోగుల వివరాలు ప్రకటించారు. ఆ జబ్బుకు లుకేమియా అని విర్కో పేరుపెట్టాడు.

కణాలను రకాలుగా విడదీయడం రంగుల పరిశ్రమ పుణ్యమా అని సాధ్యమైంది. పాల్ ఎర్లిక్ 1879 నుంచి అద్దకపు రంగుల్లో రక్తపు పూతలను ముంచి, కొన్ని కణాల్లోని రేణువులు ఆమ్ల రంగునూ కొన్నిటివి క్షార రంగునూ పట్టుకుంటాయని చూపాడు. ఇసినోఫిల్, బేసోఫిల్, న్యూట్రోఫిల్ అనే పేర్లు ఆ పనినుంచి వచ్చినవే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చితే సంచరించే కణాలు దాని చుట్టూ చేరడం చూశాడు. రోగనిరోధకత కణాల్లో ఉందని మెచ్నికోవ్ పక్షం, రక్తద్రవంలో ఉందని ఎర్లిక్ పక్షం చాలాకాలం వాదించుకున్నాయి. 1908 నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. తరువాతి పరిశోధన ఇద్దరి వాదాలనూ నిలబెట్టింది.

లింఫోసైట్ల పని చాలా ఆలస్యంగా బయటపడింది. థైమస్ గ్రంథి ప్రాధాన్యాన్ని 1961లో జాక్ మిల్లర్ నిరూపించాడు. టీ, బీ లింఫోసైట్లు వేర్వేరు వంశాలని 1965 నాటికి మాక్స్ కూపర్ బృందం పని వల్ల స్పష్టమైంది. క్రిమి ముక్కలను లింఫోసైట్ల దగ్గరికి మోసుకెళ్లే డెండ్రైటిక్ కణాన్ని 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ గుర్తించాడు.

పుట్టుక, ఆయుష్షు

తెల్లకణాలన్నిటికీ మూలం ఎముక మూలుగలోని మూలకణమే. అక్కడినుంచి రెండు శాఖలు చీలతాయి. మైలాయిడ్ శాఖ నుంచి న్యూట్రోఫిల్, ఇసినోఫిల్, బేసోఫిల్, మోనోసైట్ వస్తాయి. లింఫాయిడ్ శాఖ నుంచి టీ, బీ, సహజ హంతక కణాలు వస్తాయి. టీ కణాలు మాత్రం ఛాతీ ఎముక వెనకనున్న థైమస్‌కు వెళ్లి పరిణతి చెందుతాయి. సొంత కణజాలం మీద తిరగబడే టీ కణాల్లో చాలావాటిని అక్కడే నిర్మూలిస్తుంది శరీరం. ఈ గ్రంథి వయసుతోపాటు కుంచించుకుపోతుంది.

మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిళ్లను తయారుచేస్తుంది. అవి రక్తంలో కొన్ని గంటలు తిరిగి కణజాలంలోకి వెళ్లిపోతాయి, రోజుల్లోనే నశిస్తాయి. జ్ఞాపక లింఫోసైట్ల వంశాలు ఏళ్ల తరబడి, కొన్ని దశాబ్దాల తరబడి నిలుస్తాయి.

రకాలు

న్యూట్రోఫిల్. మొత్తం తెల్లకణాల్లో 40 నుంచి 75 శాతం. కేంద్రకం రెండు నుంచి ఐదు తమ్మెలుగా ఉండి సన్నని దారాలతో కలిసి ఉంటుంది. బాక్టీరియా, శిలీంధ్రాల మీదికి మొదట వెళ్లే కణం ఇది. సూక్ష్మజీవిని మింగి, రేణువుల్లోని ఎంజైములతోనూ ఆక్సిజన్ నుంచి తయారుచేసుకున్న విషరసాయనాలతోనూ చంపుతుంది. చీములో ఉండేవి ప్రధానంగా చచ్చిన న్యూట్రోఫిళ్లే. చీముకు ఉండే పచ్చటి ఛాయ వాటిలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది. న్యూట్రోఫిల్ తన డీఎన్‌ఏనే వలగా బయటికి విసిరి బాక్టీరియాను పట్టగలదని 2004లో తెలిసింది.

ఇసినోఫిల్. 1 నుంచి 6 శాతం. కేంద్రకానికి సాధారణంగా రెండు తమ్మెలు. కణం నిండా నారింజ ఎరుపు రేణువులు. ఈ రేణువుల్లోని క్షార ప్రొటీన్లు పురుగుల పైపొరను దెబ్బతీస్తాయి. మింగడానికి వీలులేనంత పెద్దవైన పరాన్నజీవుల మీద ఇవి రేణువులను కుమ్మరిస్తాయి. ఉబ్బసంలో, అలర్జీల్లో శ్వాసనాళాలను గాయపరిచేవీ ఆ ప్రొటీన్లే. వీటి ఉత్పత్తిని ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రొటీన్ పెంచుతుంది.

బేసోఫిల్. ఒక శాతం లోపే. ముదురు నీలి రేణువులు కేంద్రకాన్ని కప్పేస్తాయి. హిస్టమిన్ విడుదలచేసి అలర్జీ లక్షణాలు కలిగిస్తుంది. కణజాలాల్లో ఉండే మాస్ట్ కణం పనిలో దీనికి దగ్గరిది.

మోనోసైట్. 2 నుంచి 10 శాతం. రక్తంలో కనిపించే తెల్లకణాల్లో అన్నిటికంటే పెద్దది. కేంద్రకం మూత్రపిండం ఆకారంలో మడతపడి ఉంటుంది. ఒకటి రెండు రోజులు రక్తంలో తిరిగి కణజాలంలో మాక్రోఫేజ్‌గా మారుతుంది. కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు వంటి అవయవాల్లో స్థిరంగా ఉండే మాక్రోఫేజ్‌లలో చాలా భాగం పిండదశలోనే అక్కడ చేరినవని తేలింది. క్షయ బాక్టీరియా మాక్రోఫేజ్ లోపలే బతకగలదు. దాన్ని చంపలేనప్పుడు మాక్రోఫేజ్‌లూ టీ కణాలూ చుట్టూ చేరి గ్రాన్యులోమా అనే గడ్డగా బంధించి ఉంచుతాయి. మలేరియా రోగుల మోనోసైట్లలో, అవి మింగిన గోధుమ నల్లని మలేరియా వర్ణకం కనిపిస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లా వంటి ఏజెన్సీ ప్రాంతాలనుంచి వచ్చిన జ్వరం స్లైడులో పరాన్నజీవి దొరకకపోయినా ఈ వర్ణకం కనిపిస్తే టెక్నీషియన్ మరోసారి వెతకడం మంచిది. (చూ. మలేరియా.)

లింఫోసైట్. 20 నుంచి 45 శాతం. గుండ్రని కేంద్రకం కణాన్ని దాదాపు నింపేస్తుంది. సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపించే ఈ కణాలు పనిలో మూడు తెగలు. బీ కణాలు యాంటిజెన్‌ను గుర్తించాక ప్లాస్మా కణాలుగా మారి యాంటీబాడీలు స్రవిస్తాయి. సీడీ4 టీ కణాలు సహాయకులు. బీ కణాలకూ మాక్రోఫేజ్‌లకూ ఏం చేయాలో సంకేతాలిచ్చేవి ఇవే. సీడీ8 టీ కణాలు వైరస్ సోకిన కణానికి అతుక్కుని, పెర్ఫోరిన్‌తో పొరను తూట్లుపొడిచి, గ్రాంజైములతో చంపుతాయి. ప్రతిస్పందన హద్దుమీరకుండా అదుపుచేసే నియంత్రక టీ కణాలను 1995లో షిమోన్ సకగుచి వర్ణించాడు. ఈ పరిశోధనకు ఆయనతోపాటు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2025 నోబెల్ అందుకున్నారు. సహజ హంతక కణాలకు ముందస్తు పరిచయం అక్కర్లేదు. ప్రతి కణమూ పైపొర మీద చూపించవలసిన గుర్తింపు ప్రొటీన్ ఏ కణం మీదనైనా మాయమైతే దాన్ని చంపేస్తాయి.

రోగనిరోధక ప్రతిస్పందన క్రమం

పొలంలో పనిచేసే మనిషి పాదంలో ముల్లు గుచ్చుకుని బాక్టీరియా లోపలికి పోయిందనుకుంటే మొదట కదిలేవి చర్మంలోనే ఉన్న మాక్రోఫేజ్‌లు. వాటి పైపొర మీది గ్రాహకాలు బాక్టీరియాకు సహజమైన అణువులను పసిగట్టి సంకేత ప్రొటీన్లు విడుదల చేస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు జిగటపడతాయి. న్యూట్రోఫిళ్లు ఆ గోడమీద దొర్లుతూ వచ్చి అతుక్కుని, కణాల సందులో దూరి బయటపడతాయి. ఇదంతా గంటల్లో జరుగుతుంది. పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలపడం దీని ఫలితమే. మర్నాటికి మోనోసైట్లు చేరి చచ్చిన న్యూట్రోఫిళ్లను కూడా మింగి శుభ్రం చేస్తాయి. సహజ నిరోధకత అనే ఈ దశకు శత్రువు ఎవరన్న వివరం పట్టదు.

అదే సమయంలో డెండ్రైటిక్ కణాలు బాక్టీరియా ముక్కలను మోసుకుని శోషరస నాళాల వెంట గజ్జల్లోని గ్రంథులకు చేరతాయి. కాలికి పుండుపడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందనేది ఈ దశనే. అక్కడ లక్షలాది టీ కణాల్లో ఆ ముక్కకు సరిపడే గ్రాహకం ఉన్న కొన్ని మాత్రమే ప్రేరేపితమై విభజన చెందుతాయి. బీ కణాలది కూడా అదే దారి. తొలిసారి తగిలిన క్రిమికైతే ఇందుకు నాలుగు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట ఐజీఎం, తరువాత ఐజీజీ యాంటీబాడీలు రక్తంలోకి వస్తాయి. ఐజీఏ పేగు, శ్వాసమార్గాల స్రావాల్లో ఉంటుంది. ఐజీఈ మాస్ట్ కణాలకు అంటుకుని పురుగుల మీదా, దురదృష్టవశాత్తు దుమ్మూ పుప్పొడుల మీదా పనిచేస్తుంది. మిగిలిన జ్ఞాపక కణాల వల్ల రెండోసారి ప్రతిస్పందన త్వరగానూ బలంగానూ ఉంటుంది. టీకాలకు ఆధారం ఇదే. (చూ. టీకాలు.)

జ్ఞాపకం ప్రతిసారీ మేలే చేయదు. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం సోకినప్పుడు తయారైన యాంటీబాడీలు వేరొక రకాన్ని పూర్తిగా అడ్డుకోలేక, మోనోసైట్లలోకి, మాక్రోఫేజ్‌లలోకి దాని ప్రవేశాన్ని సులువు చేయవచ్చు. రెండోసారి డెంగీ ప్రమాదకరం కావడానికి ఇదొక ముఖ్య కారణమని భావిస్తున్నారు.

ఉత్తరాంధ్ర, బోదకాలు: ఒకే పురుగు, మూడు ప్రతిస్పందనలు

విజయనగరం జిల్లా, పొరుగున ఉన్న శ్రీకాకుళం బోదకాలు వ్యాప్తి ఉన్న ప్రాంతాలుగా చాలాకాలంగా గుర్తింపు పొందినవి. వ్యాధికారకం ఉచరేరియా బాంక్రాఫ్టై అనే దారపు పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్లపాటు బతుకుతాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రాత్రివేళే రక్తంలోకి వస్తాయి. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి వేలినుంచి రక్తం తీయడానికి కారణం ఇదే. తెల్లకణాల ప్రవర్తన మనిషి మనిషికీ ఎంత మారుతుందో చూపడానికి ఈ జబ్బును మించిన ఉదాహరణ లేదు.

మొదటి రకం మనిషికి రక్తంలో వేల మైక్రోఫైలేరియాలు ఉన్నా పైకి ఏ లక్షణమూ ఉండదు. పురుగు నియంత్రక టీ కణాలను, ఇంటర్‌ల్యూకిన్-10 వంటి అణచివేత సంకేతాలను పెంచి నిరోధక వ్యవస్థను మందగింపజేస్తుంది. ఆ మనిషికి బాధ లేదు. దోమలకు మాత్రం అతడే ప్రధాన వనరు.

రెండో రకంలో ప్రతిస్పందన హద్దుమీరుతుంది. రోగికి ముఖ్యంగా రాత్రిపూట పొడిదగ్గు, పిల్లికూతలు, ఆయాసం, బరువు తగ్గడం. రక్తంలో ఇసినోఫిళ్లు మైక్రోలీటరుకు 3,000 దాటతాయి, ఐజీఈ బాగా పెరుగుతుంది, కానీ మైక్రోఫైలేరియా ఒక్కటీ దొరకదు. ఊపిరితిత్తుల్లోనే వాటిని తెల్లకణాలు పట్టి నాశనం చేస్తూ, ఆ క్రమంలో ఊపిరితిత్తులనే గాయపరుస్తుంటాయి. ఈ జబ్బు తొలి వర్ణనల్లో ఒకటి తెలుగు నేల మీదిదే. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో ఫ్రిమొట్-ముల్లర్, బార్టన్ అనే వైద్యులు, క్షయ అనుకుని చేర్చిన కొందరిలో క్షయ లేదనీ ఇసినోఫిళ్లు విపరీతంగా ఉన్నాయనీ గమనించి 1940లో ప్రచురించారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ఉష్ణమండల ఇసినోఫిలియా అని పేరుపెట్టాడు. ఫైలేరియా పురుగే కారణమని తేలడానికి మరికొంతకాలం పట్టింది. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించి కఫంలో క్షయ క్రిమి దొరకని రాత్రి దగ్గు రోగికి ఇసినోఫిళ్ల లెక్క చూడటం ఈ ప్రాంతంలో ఇప్పటికీ తప్పనిసరి.

మూడో రకంలో శోషరస నాళాలు దెబ్బతిని కాలు వాస్తుంది. నిలిచిన నీరు, వేళ్ల సందుల్లో పగుళ్లు బాక్టీరియాకు దారినిస్తాయి. వాటిమీద న్యూట్రోఫిళ్ల దాడి జరిగిన ప్రతిసారీ చలిజ్వరం, కాలు ఎర్రబడి సలపడం, ఆపైన చర్మం మరింత మందం కావడం. పురుగు చచ్చినా ఈ వరుస ఆగదు. కనుక సబ్బుతో కాలు రోజూ కడిగి, తడి ఆర్చి, పగుళ్లకు మందు రాయడం చికిత్సలో ప్రధానాంగం.

ఈ మూడు రకాల్లోనూ వాడే డైఇథైల్‌కార్బమజీన్, అంటే హెట్రజాన్, 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువడింది. అక్కడి పరిశోధన విభాగానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. గాజు గొట్టంలో మైక్రోఫైలేరియాల మీద ఈ మందు ప్రభావం అంతంతమాత్రమే. ఒంట్లో మాత్రం గంటల్లో వాటిని రక్తంనుంచి మాయం చేస్తుంది, ఎందుకంటే తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ వాటిని పట్టుకునేలా చేయడమే దాని పనితీరులో ముఖ్య భాగం. సామూహిక పంపిణీలో బోదకాలు మాత్రలు మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. మైక్రోఫైలేరియాలు ఉన్నవారిలోనే ఇవి ఎక్కువ. చస్తున్న పురుగుల మీద రేగిన ప్రతిస్పందన అది. మాత్ర వికటించిందని ప్రచారం జరిగి మరుసటి ఏడాది జనం మందు వద్దనడం కార్యక్రమానికి ఎదురయ్యే పెద్ద చిక్కు. ఊపిరితిత్తుల రకానికి ఈ మందును మూడు వారాలపాటు ఇస్తారు. (చూ. బోదకాలు, ఎల్లాప్రగడ సుబ్బారావు.)

ఇసినోఫిళ్లు పెరిగినంత మాత్రాన బోదకాలు అనుకోనక్కర్లేదు. చెప్పుల్లేకుండా తిరిగేవారి కాలిచర్మం గుండా దూరే కొంకిపురుగు, ఉబ్బసం, చర్మ అలర్జీలు, కొన్ని మందులు కూడా కారణాలే. లెక్క ఎంత పెరిగిందన్నది ముఖ్యం.

రక్తపరీక్షలో లెక్కింపు

తెలుగు ప్రాంతాల్లో సీబీపీ అని వ్యవహరించే పరీక్షలో మొత్తం తెల్లకణాల సంఖ్య, రకాలవారీ శాతాలు ఉంటాయి. పాత రిపోర్టుల్లో వీటిని టీసీ, డీసీ అని రాసేవారు. చేతి లెక్కకు రక్తాన్ని టర్క్ ద్రవంతో 20 రెట్లు పలచన చేస్తారు. అందులోని అసెటిక్ ఆమ్లం ఎర్రకణాలను కరిగిస్తుంది. ఆ ద్రవాన్ని న్యూబార్ గడుల గాజుపలక మీద పోసి నాలుగు మూల చదరాల్లోని కణాలను లెక్కించి 50తో గుణిస్తారు.

రకాల లెక్కకు స్లైడు చివర రక్తపు బొట్టు వేసి, రెండో స్లైడు అంచుతో ఏటవాలుగా ఒక్క ఊపున లాగుతారు. పూత నాలుక ఆకారంలో రావాలి, చివర పలచబడాలి. ఆరిన పూతమీద లీష్మన్ రంగు పోసి, కాసేపటికి బఫర్ నీరు కలిపి, కడిగి ఆరబెడతారు. నూనె బొట్టు వేసి వంద రెట్ల కటకం కింద, పూత తోక దగ్గర అటూఇటూ జరుపుతూ వంద కణాలను లెక్కిస్తారు.

శాతం ఒక్కటే చూస్తే పొరపాటు జరుగుతుంది. మొత్తం కణాలు 4,000 ఉండి ఇసినోఫిళ్లు 8 శాతమైతే అసలు సంఖ్య 320, అది సాధారణమే. మొత్తం 15,000 ఉండి 30 శాతమైతే 4,500, అది జబ్బు. సాధారణ హద్దు 500. చిన్న పట్టణాల ల్యాబుల్లో వాడే మూడు భాగాల యంత్రం కణాలను పరిమాణాన్ని బట్టి మాత్రమే విడదీసి, మోనోసైట్లు, ఇసినోఫిళ్లు, బేసోఫిళ్లను ఒకే మధ్యరకం కింద చూపుతుంది. బోదకాలు ఉన్న ప్రాంతంలో ఇది చిన్న లోపం కాదు. ఐదు భాగాల యంత్రమో, స్లైడు చూసే మనిషో ఉండాలి.

సంఖ్యలో మార్పులు

బాక్టీరియా సోకినప్పుడు, కాలిన గాయాల్లో, స్టెరాయిడ్లు వాడేవారిలో న్యూట్రోఫిళ్లు పెరుగుతాయి. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో తమ్మెలు విడని పట్టీ కేంద్రకంతో పసికణాలు రక్తంలోకి వస్తాయి. టైఫాయిడ్ బాక్టీరియా జ్వరమే అయినా తెల్లకణాలు సాధారణంగా పెరగవు, తగ్గవచ్చు కూడా. ఇసినోఫిళ్లు దాదాపు మాయమవుతాయి. డెంగీలో తొలి రోజుల్లోనే మొత్తం సంఖ్య పడిపోయి, ఆకారం మారిన లింఫోసైట్లు కనిపిస్తాయి. న్యూట్రోఫిళ్లు 500 కంటే తగ్గితే మామూలు క్రిములే ప్రాణాంతకమవుతాయి. క్యాన్సర్ మందులు, థైరాయిడ్‌కు వాడే కార్బిమజోల్ వంటివి ఈ స్థితికి దారితీయవచ్చు. కార్బిమజోల్ వాడేవారికి గొంతునొప్పితో జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష అవసరం. హెచ్‌ఐవీ సీడీ4 కణాలను నాశనం చేస్తుంది. మైక్రోలీటరుకు 500 నుంచి 1,500 ఉండవలసినవి 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశగా పరిగణిస్తారు.

తెల్లకణాల క్యాన్సర్లు

మూలుగలోని ఒక కణం అదుపుతప్పి విభజన చెందితే లుకేమియా. శోషరస గ్రంథుల్లో లింఫోసైట్లు అలా పెరిగితే లింఫోమా. ప్లాస్మా కణాలు పెరిగితే మైలోమా. లుకేమియాను వేగాన్ని బట్టి తీవ్ర, దీర్ఘ రకాలుగా, వంశాన్ని బట్టి మైలాయిడ్, లింఫాయిడ్ రకాలుగా విభజిస్తారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది తీవ్ర లింఫాయిడ్ రకం. ఈ కణాలు లక్షల్లో ఉన్నా పనికి రావు. రోగి ఇన్ఫెక్షన్లకు సులువుగా లొంగిపోతాడు.

పిల్లల్లో వచ్చే తీవ్ర లుకేమియాకు ఫలితమిచ్చిన తొలి మందు కూడా సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికంగా జబ్బు తగ్గినట్లు 1948లో ప్రకటించాడు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించాడు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ లుకేమియా చికిత్సలో ఉంది. తెల్లకణాలు సొంత కీళ్లమీద తిరగబడే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో దాన్నే చిన్న మోతాదులో వాడతారు. దీర్ఘ మైలాయిడ్ రకం స్వరూపాన్ని 2001లో వచ్చిన ఇమాటినిబ్ మార్చేసింది. రోగి టీ కణాలనే బయటికి తీసి, క్యాన్సర్ బీ కణాలను గుర్తించే గ్రాహకాన్ని జన్యుమార్పిడితో చేర్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సలో దేశీయంగా తయారైన మొదటిదానికి భారత్‌లో 2023 అక్టోబరులో అనుమతి లభించింది. (చూ. లుకేమియా, ఎముక మూలుగ మార్పిడి.)